బొంబాయి టేకుతో కట్టిన యుద్ధనౌక: హార్టిల్‌పూల్‌లో ట్రింకోమలీని ఎలా చూడాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీరు న్యూకాసిల్‌లో ఉంటున్నారు. జూన్‌లో మీ అత్తమామలు వస్తున్నారు. మామగారు విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పాతకాలపు తెరచాపల యుద్ధనౌక ఒక్కటైనా ఎక్కి చూడాలని ఆయన కోరిక. పోర్ట్స్‌మౌత్‌లో ఉన్న విక్టరీ గురించి విన్నారు కానీ మరీ దూరం. హార్టిల్‌పూల్‌లో ఏదో పాత ఓడ ఉందట, అది వెళ్లదగ్గదేనా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు, బాబుకి ఆరేళ్లు, ఎంతసేపు పడుతుంది?

వెళ్లండి. ఆలోచించాల్సిన పనే లేదు. షిప్‌యార్డ్‌లో చెయ్యి తిరిగిన మనిషికి విక్టరీ కన్నా ఈ ఓడే ఎక్కువ చెబుతుంది. నేను ఓడల సర్వేయర్‌ని, అంటే ఓడలు గట్టిగా ఉన్నాయో లేదో తనిఖీ చేసేవాణ్ని. పంతొమ్మిదేళ్లుగా హార్టిల్‌పూల్ ఉన్న టీసైడ్ ప్రాంతంలోనే ఉంటున్నాను. ట్రింకోమలీ ఎన్నిసార్లు ఎక్కానో లెక్కపెట్టడం మానేశాను. ఇండియా నుంచి ఎవరు వచ్చినా అక్కడికి తీసుకెళ్తాను. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు విక్టరీ మాట. ఆ ఓడ గొప్పదే. 1765లో నీట దిగింది, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ చనిపోయింది దానిమీదే. కానీ 1922 నుంచి అది డ్రై డాక్‌లో నేలమీద నిలబడి ఉంది. 2022లో మొదలైన పెద్ద మరమ్మతు పదేళ్లకు పైగా సాగే పని. ఓడ చుట్టూ పరంజా, పైన కప్పు వేసి పనిచేస్తున్నారు. ఆ మరమ్మతు చూడటం కూడా ఒక పాఠమే కానీ, తెరచాప కొయ్యలతో నిండుగా నిలబడ్డ ఓడని చూడాలనుకున్న వాళ్లకి అక్కడ వెలితిగా ఉంటుంది. న్యూకాసిల్ నుంచి పోర్ట్స్‌మౌత్‌కి ఆ వయసువాళ్లని ఒక్కరోజులో తీసుకెళ్లి తీసుకురావడం జరిగే పని కాదు. హార్టిల్‌పూల్‌కి ట్రైన్‌లో గంటలోపే.

ట్రింకోమలీ నీళ్ల మీద ఉంది. బ్రిటన్‌లో ఇప్పటికీ తేలుతున్న యుద్ధనౌకల్లో అన్నిటికన్నా పాతది అదే. మీ మామగారికి చెప్పాల్సిన అసలు సంగతి వేరే ఉంది. ఆ ఓడ పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు, బొంబాయిలో. మలబారు టేకుతో, పార్శీ మేస్త్రీ చేతి కింద, మన దేశపు వడ్రంగులు కట్టిన ఓడ.

నేను మొదటిసారి 2007లో ఒక్కడినే వెళ్లాను. అందరూ చేసే పనే చేశాను. ఫిరంగుల పక్కన ఫోటోలు దిగాను, కెప్టెన్ గది చూశాను, చక్రం పట్టుకుని ఇంకో ఫోటో, గంటలో బయటపడ్డాను. ఓడల మీద బతికే మనిషినే అయినా ఓడని చూడకుండానే వచ్చేశాను. ఆ సంగతి నాకు తెలిసింది 2012లో, మా నాన్నగారు వచ్చినప్పుడు.

మాది తాళ్లరేవు దగ్గర ఊరు. నాన్నగారు కొయ్య పడవలు కట్టే వడ్రంగి. ఇంగ్లీషులో ఆయనకి నాలుగు మాటలకి మించి రావు. ఫిరంగుల డెక్ మీద ఆయన అసలు ఆగలేదు. "కింద ఏముందిరా?" అని అడిగి, నిచ్చెన దిగి, నావికులు పడుకునే డెక్‌లో ఓడ పక్కగోడ దగ్గర నిలబడిపోయారు. అరచెయ్యి కొయ్యకి ఆనించి అలాగే కాసేపు ఉన్నారు. తర్వాత వేలి కణుపుతో కొడుతూ పక్కకి నడిచారు. "ఇది పాతది" అన్నారు. రెండు మూరలు జరిగి మళ్లీ కొట్టి, "ఇక్కడ్నుంచి కొత్తది" అన్నారు. ఒక పట్టె ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ అందుకుందో ఆ సన్నటి అతుకుని గోటితో వెతికి పట్టుకుని నాకు చూపించారు. నా కంటికి అప్పటిదాకా అక్కడున్నది ఒక నల్లటి గోడ, అంతే.

ఇదంతా దూరం నుంచి చూస్తున్న ఒక పెద్దాయన, అక్కడి వాలంటీరు, దగ్గరికి వచ్చి ఈయనేం చేస్తున్నారని నన్నడిగాడు. చెప్పాను. ఆయన జేబులోంచి టార్చి తీసి మా నాన్నగారి చేతికిచ్చాడు. ఆ తర్వాత అరగంట నేను తర్జుమా చేసేవాణ్ని మాత్రమే. ఈయన అడగడం, ఆయన చూపించడం. పలకల సందుల్లో నార ఎలా దట్టించారు, తారు ఎంత వేడిగా పోశారు, తడి తగిలితే నార ఎంత ఉబ్బుతుంది... నాన్నగారు గాల్లో ఉలీ సుత్తీ పట్టినట్టు చేతులు పెట్టి నార కుక్కే పని చూపిస్తే, ఆ పెద్దాయన కూడా అలాగే చేసి చూపించాడు. ఇద్దరి చేతులూ ఒకేలా కదిలాయి. అప్పుడు నాకు గొంతు పట్టేసింది, ఇప్పుడు రాస్తుంటే కూడా.

అందుకే మీ మామగారిని ఫిరంగుల దగ్గర తొందరగా దాటించి కొయ్య దగ్గర వదిలేయండి. ఆయన ఇనుప ఓడల మనిషి కావచ్చు. కానీ ఓడ పక్కటెముకలు ఎలా వంగాలో, బరువు ఎక్కడ పడుతుందో, ఎక్కడ నీరు ముందుగా చొరబడుతుందో ఇనుములోనూ కొయ్యలోనూ ఒకటే లెక్క.

ఈ ఓడ కథ ట్రైన్‌లో చెప్పుకోవడానికి బాగుంటుంది, కాబట్టి రాస్తున్నాను.

1800 దాటాక నెపోలియన్‌తో యుద్ధాల్లో బ్రిటన్‌కి ఓక్ కలప కరువొచ్చింది. విక్టరీ లాంటి ఒక్క పెద్ద ఓడకే 6000 చెట్లదాకా పట్టాయి. ఓడకి తగ్గ ఓక్ చెట్టు పెరగడానికి వందేళ్లు కావాలి, నరకడానికి ఒక పూట చాలు. అప్పుడు వాళ్ల కన్ను బొంబాయి మీద పడింది. అక్కడ వాడియాల కుటుంబం 1736 నుంచి ఓడలు కడుతోంది. లవ్‌జీ నస్సర్వాంజీ వాడియా సూరత్ నుంచి వడ్రంగులని వెంటబెట్టుకుని వచ్చి మొదలుపెట్టిన పని అది. 1750లోనే అక్కడ డ్రై డాక్ ఉంది.

టేకు సుగుణం మీకు తెలిసే ఉంటుంది, మన ఇళ్ల ద్వారబంధాలు చూశాం కదా. కొయ్యలోనే నూనె ఉంటుంది కాబట్టి పుచ్చదు, పురుగు పట్టదు. ఓడ పనిలో ఇంకో లాభం ఉంది. ఓక్‌లో ఉండే పులుపు ఇనుప మేకుల్ని తినేస్తుంది. మేకు చుట్టూ కొయ్య నల్లబడి మెత్తబడుతుంది, మేకు వదులవుతుంది. టేకులో ఆ బాధ లేదు, ఇనుముతో సఖ్యంగా ఉంటుంది. సర్వేయర్‌గా చెబుతున్నాను, ఒక కొయ్య ఓడ రెండొందల ఏళ్లు నిలిచిందంటే అందులో సగం పుణ్యం ఈ ఒక్క గుణానిది.

1812లో బ్రిటిష్ నౌకాదళం బొంబాయిలో రెండు ఫ్రిగేట్లు కట్టమని ఆర్డరిచ్చింది. ఫ్రిగేట్ అంటే పెద్ద యుద్ధాల్లో వరసలో నిలబడే భారీ ఓడ కాదు. వేగంగా తిరుగుతూ కాపలా కాసే, వార్తలు మోసే, శత్రువు సరుకు ఓడల్ని వెంటాడే మధ్యరకం ఓడ. లీడా తరగతి అని అప్పటికే ఇంగ్లండ్‌లో బాగా నడిచిన నమూనా ఒకటి ఉంది. ఆ ప్లాన్లు జావా అనే ఓడలో ఇండియాకి పంపారు. దారిలో బ్రెజిల్ తీరం దగ్గర, 1812 డిసెంబరులో, అమెరికన్ ఓడ కాన్‌స్టిట్యూషన్ జావాని ఓడించింది. జావా బాగుచెయ్యడానికి వీల్లేనంతగా దెబ్బతినడంతో దాన్ని తగలబెట్టేశారు. ప్లాన్లూ పోయాయి. మళ్లీ నకళ్లు తీయించి పంపాల్సి వచ్చింది. ఆ కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బాస్టన్‌లో నీళ్ల మీదే ఉంది, జనం ఎక్కి చూస్తారు. మీ బంధువులెవరైనా బాస్టన్ వైపు ఉంటే, ట్రింకోమలీ పుట్టుకని ఆలస్యం చేసిన ఓడ అదేనని చెప్పండి.

1816 ఏప్రిల్‌లో పని మొదలైంది. మేస్త్రీ జంషెడ్‌జీ బొమాంజీ వాడియా. ఓడ అడుగున వెన్నెముకలా ఈ చివర నుంచి ఆ చివరకి సాగే పెద్ద దూలాన్ని కీల్ అంటారు. దాన్ని పరిచిన రోజు పార్శీల ఆచారం ప్రకారం అక్షరాలు చెక్కిన వెండి మేకు ఒకటి అందులో దిగగొట్టారు. మనం ద్వారబంధం ఎత్తేటప్పుడు పసుపు రాసి నవధాన్యాలు కట్టమా, అలాంటిదే. 1817 అక్టోబరు 12న ఓడ నీట దిగింది. 23,000 పౌండ్లు ఖర్చయింది. ట్రింకోమలీ అనే పేరు శ్రీలంకలోని తిరుకోణమలై రేవుది. 1782లో అక్కడ జరిగిన సముద్ర యుద్ధం గుర్తుగా పెట్టారు.

జంషెడ్‌జీ కట్టిన ఓడల్లో ఇంకోటి కార్న్‌వాలిస్. 1842లో నల్లమందు యుద్ధం ముగిశాక చైనా వాళ్లు హాంకాంగ్‌ని బ్రిటన్‌కి రాసిచ్చిన నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలు జరిగింది దాని మీదే. వెల్స్‌లీ అనే మరో ఓడ 125 ఏళ్లు బతికి, 1940లో థేమ్స్ నదిలో ఉండగా జర్మన్ బాంబు దాడికి మునిగింది. అంటే ఆ చేతుల పని ఎంత గట్టిదో చూడండి. ఆ చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. జంషెడ్‌జీ పేరు మ్యూజియంలో కనిపిస్తుంది. అతని కింద రంపం లాగిన వాళ్లు, బరువైన టేకు దుంగలు మోసిన వాళ్లు ఎవరో మనకి తెలియదు. నేను వెళ్లినప్పుడల్లా నాకు బాధ కలిగించే విషయం ఇదొక్కటే.

మన గోదావరి ఒడ్డున కోరంగిలో కూడా ఆ రోజుల్లో ఓడలు కట్టేవాళ్లు. 1839 నవంబరు తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టేసింది. కోరంగిలో కట్టిన ఓడ ఒక్కటైనా ఇలా నిలిచి ఉంటే మా నాన్నగారు ఏమనేవారో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

ట్రింకోమలీ తయారై 1819లో ఇంగ్లండ్ చేరేసరికి యుద్ధాలు అయిపోయాయి. దాంతో పనిలేదు. పైన కప్పు వేసి పాతికేళ్లకు పైగా పోర్ట్స్‌మౌత్‌లో కట్టిపడేశారు. వినడానికి జాలిగా ఉంటుంది కానీ ఓడని కాపాడింది ఆ ఖాళీయే. ఎండా వానా తగలకుండా, తెరచాపల లాగుడుకి కీళ్లు వదులవకుండా ఉండిపోయింది. 1845లో దాన్ని మళ్లీ బయటికి తీశారు. వెనకభాగం గుండ్రంగా మార్చి, ఫిరంగుల సంఖ్య 26కి తగ్గించి, వాటి స్థాయి పెంచారు. 1847 నుంచి 1850 దాకా ఉత్తర అమెరికా, వెస్టిండీస్ నీళ్లలో, 1852 నుంచి 1857 దాకా పసిఫిక్‌లో తిరిగింది. కెనడా పడమటి తీరంలో వాంకూవర్ దీవి పక్కన ట్రింకోమలీ ఛానెల్ అని ఒక జలసంధి ఉంది, ఈ ఓడ పేరే. పెద్ద యుద్ధం ఒక్కటీ చెయ్యలేదు. అందుకే తూట్లు పడలేదు.

తర్వాత కుర్రాళ్లకి శిక్షణ ఇచ్చే ఓడయింది. 1860ల్లో కొన్నాళ్లు హార్టిల్‌పూల్‌లోనే ఉంది. 1897లో చెక్క ముక్కల కింద కొట్టడానికి అమ్మేశారు. అప్పుడు వీట్లీ కాబ్ అనే ఆయన కొన్నాడు. ఆయన దగ్గర అంతకుముందు ఫూడ్రాయంట్ అని నెల్సన్ ఓడ ఒకటి ఉండేది, అదే ఏడాది బ్లాక్‌పూల్ దగ్గర తుఫానులో పోయింది. ఆ పేరే దీనికి పెట్టుకున్నాడు. కాబట్టి పాత పుస్తకాల్లో, పాత ఫోటోల్లో ఫూడ్రాయంట్ అని కనిపిస్తే కంగారు పడకండి. 1986 దాకా పిల్లలు అందులో ఊయల పడకల్లో పడుకుని ఓడ పని నేర్చుకున్నారు.

దాని పక్కనే చాలా ఏళ్లు ఇంప్లాకబుల్ అనే మరో ఓడ ఉండేది. ట్రఫాల్గర్‌లో ఫ్రెంచి వాళ్ల వైపు పోరాడిన ఓడ, తర్వాత బ్రిటిష్ వాళ్లకి చిక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగుచేయించడానికి డబ్బులేక, 1949లో సముద్రంలోకి తీసుకెళ్లి రెండు దేశాల జెండాలూ ఎగరేసి ముంచేశారు. దాని వెనకభాగపు చెక్కడం, ముందుభాగపు బొమ్మ గ్రీనిచ్ మ్యూజియంలో మిగిలాయి. ట్రింకోమలీకి కూడా అదే రాసిపెట్టి ఉండాల్సింది. ఇలాంటి ఓడ ఒకటి నిలవడం అనేది ఎంత సన్నటి తాడు మీద నడకో మా వృత్తిలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. ప్రతి పదేళ్లకీ ఎవరో ఒకరు డబ్బు, ఓపిక పట్టుకుని ముందుకు రావాలి. ఒక్క దశాబ్దం ఎవరూ రాకపోతే అంతటితో సరి.

1987లో దాన్ని హార్టిల్‌పూల్‌కి తెచ్చారు. ఎందుకు ఇక్కడికే అంటే, అంతకుముందు ఎనిమిదేళ్లు వారియర్ అనే ఇనుప యుద్ధనౌకని ఈ ఊళ్లోనే బాగుచేశారు. ఓడల కంపెనీలు మూతపడి పనిలేకుండా పోయిన ఊరు ఇది, చేతులు మాత్రం మిగిలాయి. ఆ చేతులకే ఈ పని దక్కింది. 2001లో పూర్తయింది, కోటి పౌండ్లకు పైనే అయింది. అసలు పాత పేరు కూడా ఆ పనిలోనే తిరిగొచ్చింది. కొయ్యలో సగానికి పైగా బొంబాయిదే.

ఇక చూడటం ఎలాగో చెబుతాను.

లోపలికి వెళ్లగానే ఓడ ఎక్కకండి. రేవు చుట్టూ 1800 నాటి వీధిలాగా కట్టిన దుకాణాలు ఉంటాయి. తుపాకులు చేసేవాడిది, దర్జీది, ఇలా. బాబుని అత్తగారిని వాటిల్లో వదిలి మీరూ మామగారూ రేవు అంచు వెంట ఓడ చుట్టూ నడవండి. ముందుభాగంలో తలపాగా చుట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. చూడగానే మనవాడే అనిపిస్తాడు. తర్వాత పక్కగోడని కాస్త దూరం నుంచి చూడండి. నీటిమట్టం దగ్గర లావుగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది. బరువైన ఫిరంగులు మధ్యకి దగ్గరగా ఉండాలి, లేకపోతే ఓడ పక్కకి ఒరుగుతుంది. మామగారు ఇది మీరు చెప్పకముందే చెబుతారు.

ఎక్కాక నేరుగా కిందకి. ఇది నా సలహాల్లో ముఖ్యమైనది. పై డెక్ అందంగా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడ శక్తి ఖర్చుపెట్టి, కిందకి వచ్చేసరికి అలసిపోతారు. అడుగు నుంచి మొదలుపెట్టి పైకి వస్తే ఓడ ఎలా నిలబడిందో వరసగా అర్థమవుతుంది. అడుగు భాగంలో ఉండేది బరువు, నీళ్లు, తిండి, మందుగుండు. మందుగుండు గది గురించి తప్పక అడగండి. లోపల దీపం ఉండకూడదు కదా, పక్క గదిలో దీపం పెట్టి మధ్యలో అద్దం బిగించేవాళ్లు. వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది, మంట రాదు. లోపల పనిచేసేవాళ్లు మేకుల్లేని మెత్తటి చెప్పులు వేసుకునేవాళ్లు, పనిముట్లు రాగివి, నిప్పురవ్వ పుట్టకుండా. ఇప్పటి ఆయిల్ ట్యాంకర్‌లో మేం పాటించే జాగ్రత్తలకి మూలపురుషులు వాళ్లే.

దానిపైన నావికుల డెక్. తల జాగ్రత్త. నా ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, దూలాల కింద వంగకుండా నడవలేను. ఈ డెక్‌లో వందల మంది ఉండేవాళ్లు. నౌకాదళం లెక్క ప్రకారం ఒక్కో ఊయల పడకకి 14 అంగుళాల వెడల్పు. మీ చెయ్యి జాన రెండుసార్లు వేస్తే 14 అంగుళాలు దాటిపోతుంది, వేసి చూడండి. సగం మంది డ్యూటీలో ఉంటారు కాబట్టి పక్క జాగా ఖాళీ అయ్యేది, అందువల్ల ఊపిరాడింది. మా నాన్నగారు ఆగిపోయిన చోటు ఇదే. మామగారికి ఇక్కడ అరగంట అయినా ఇవ్వండి. "పదండి, ఇంకా చాలా ఉంది" అనొద్దు.

ఫిరంగుల డెక్ గురించి తక్కువ రాస్తాను, అది తనే చెప్పుకుంటుంది. మొదట్లో ఈ డెక్ మీద ఉండాల్సినవి 28 పెద్ద ఫిరంగులు, ఒక్కోటి 18 పౌండ్ల గుండు వేసేది, అంటే ఎనిమిది కిలోలు. ఫిరంగి బరువు రెండు టన్నులు. పేలగానే అంత బరువూ వెనక్కి తన్నుకొస్తుంది, మోకులతో కట్టి ఆపాలి. ఆ మోకులు గోడకి ఎక్కడ కట్టారో, ఆ కొక్కెం వెనక కొయ్య ఎంత మందంగా ఉందో చూడండి. బాబుకి చెప్పడానికి ఒక మాట: కింద నుంచి మందుగుండు మోసుకొచ్చే పని పన్నెండు పదమూడేళ్ల పిల్లలది కూడా. వింటే వాడికి నోట మాట రాదు. కెప్టెన్ గదిలో కిటికీల వెలుగు బాగుంటుంది, ఫోటో అక్కడ దిగండి.

చివరగా పై డెక్. లంగరు ఎత్తే నిలువు రాట్నాన్ని కాప్‌స్టన్ అంటారు, గానుగకి ఎద్దుల్లాగా మనుషులు చుట్టూ తిరిగి తోసేది. చక్రం, తాళ్లు, ఆకాశంలోకి పోయే కొయ్య స్తంభాలు. జూన్ అయినా ఉత్తర సముద్రపు గాలి కోసేస్తుంది. మామగారికి స్వెట్టరుతో సరిపెట్టకండి, గాలి ఆపే జాకెట్ వేయండి.

అత్తగారి సంగతి. రేవు, దుకాణాలు, మ్యూజియం గదులు అంతా చదునే, ఇబ్బంది లేదు. పక్కనే హార్టిల్‌పూల్ మ్యూజియం ఉంది. ఓడలోపల నిచ్చెనమెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు అన్ని డెక్‌లూ దిగి ఎక్కడం మంచిది కాదు, మొహమాటపడి ప్రయత్నించనివ్వొద్దు. ముందు రోజు ఫోన్ చేసి, మెట్లెక్కలేని వాళ్లకి ఆ రోజు ఏ డెక్ వరకు ఏర్పాటు ఉందో అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఆవిడ దిగుతానంటే చీర కన్నా చుడీదార్ నయం. దిగేటప్పుడు నిచ్చెన వైపు తిరిగి, రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి దిగాలి. ముందుకు తిరిగి దిగబోయి జారిపడిన వాళ్లని ఇద్దరిని చూశాను. అందరికీ రబ్బరు అడుగు బూట్లు. బాబుని దింపేటప్పుడు మీరు ముందు దిగి కింద నిలబడండి.

టైం: మామూలు వాళ్లకి రెండు గంటలు. మీ మామగారికి నాలుగు పెట్టుకోండి. ఉదయం తలుపు తీసే వేళకే చేరితే స్కూలు పిల్లల గుంపులు రాకముందు కింది డెక్‌లు ప్రశాంతంగా దొరుకుతాయి. టికెట్ ధరలు, తెరిచే రోజులు మారుతుంటాయి, వెళ్లే వారం మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. తిండికి పులిహోర కట్టుకుని వెళ్తే నిశ్చింత.

వాలంటీర్లతో మాట్లాడించండి. మామగారికి ఇంగ్లీషు వస్తుందో రాదో అనే టెన్షన్ పెట్టుకోకండి. ఆయన షిప్‌యార్డ్ మనిషి అని ఒక్కమాట మీరు చెబితే చాలు. 1948లో నెహ్రూ విశాఖలో నీట దింపిన జల ఉష గురించి ఆయన దగ్గర కబుర్లు ఉంటాయి, అవి వినడానికి కూడా ఇష్టపడే మనుషులు అక్కడ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఓడల యార్డుల్లో పనిచేసి రిటైరైన వాళ్లే.

ఆయన తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: ఇన్ని కొయ్యలు మార్చాక ఇది ఆ ఓడేనా? నన్ను చాలామంది అడిగారు. నేను సర్వేయర్‌గా చెప్పే జవాబు ఇది. ఓడ అనేది నీట దిగిన మర్నాటి నుంచే మార్చుకుంటూ బతికే వస్తువు. తెరచాపల కాలంలో కూడా పాడైన పలక తీసి కొత్తది వేస్తూనే ఉండేవాళ్లు. చూడాల్సింది రెండు విషయాలు. రూపం అదేనా, కొత్తది వేసినవాళ్లు పాతదాన్ని ఎంత మిగిల్చారు. ట్రింకోమలీలో ఆ రెండూ నిజాయితీగా జరిగాయి. ఇదే లీడా తరగతి ఓడ ఇంకోటి, యూనికార్న్, స్కాట్లాండ్‌లోని డండీలో ఉంది. 1824లో నీట దిగింది, అసలు తెరచాపలే కట్టలేదు, కప్పు కిందే ఉండిపోయింది. అందుకే దానిలో పాత కొయ్య ఇంకా ఎక్కువ. మామగారికి ఆసక్తి పెరిగితే ఇంకో వారాంతం అక్కడికి వెళ్లండి, ఒకే నమూనాలో ఓక్ ఎలా ఉందో టేకు ఎలా ఉందో పక్కపక్కన పోల్చుకోవచ్చు. నాన్నగారిని నేను అక్కడికి తీసుకెళ్లలేకపోయాను.

కారు వద్దు, ట్రైన్‌లో వెళ్లండి. న్యూకాసిల్ నుంచి సండర్‌లాండ్ మీదుగా మిడిల్స్‌బరో వెళ్లే బండి. హార్టిల్‌పూల్ స్టేషన్ నుంచి మ్యూజియం పావుగంట నడక, అత్తగారికి కష్టమైతే టాక్సీ. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర మామగారిని కూర్చోబెట్టండి. సీహామ్ దాటిన దగ్గర్నుంచి చాలాదూరం సముద్రం పట్టాల పక్కనే వస్తుంది.